లితెక్యాన్ అఫైసెన్ ఇచ్చిన మాట

కెప్టెన్ బల్తసార్ సిపాయిలను వెంటేసుకుని కొండదారి దిగి లితెక్యాన్ ఒడ్డుకు చేరేసరికి, అఫైసెన్ రాతిస్తంభాల ఇంటి నీడలో కూర్చుని పెండలం దుంపల మట్టి దులుపుతోంది. వచ్చినవాణ్ణి చూసింది కానీ లేవలేదు. ఆ ఊళ్ళో ఆమె లేచి నిలబడేది రెండు రకాల మనుషులకే: తనకంటే పెద్దవాళ్ళకి, చేపలు తెచ్చినవాళ్ళకి. కెప్టెన్ వయసులో చిన్న, చేతిలో చేపా లేదు.

అఫైసెన్ ఆ ఊరికి మగాహగ. పెద్దింటి పెద్దకూతురు. ఏ తోట ఎవరు వెయ్యాలి, ఎవరి పెళ్ళి ఎప్పుడు జరగాలి, పక్క ఊరితో తగువు ఎంతదాకా లాగాలి, అన్నిట్లోనూ చివరిమాట ఆమెదే. తమ్ముడు తైమాంగ్లో మగవాళ్ళకు నాయకుడు, పడవలకు పెద్ద. ఆ పేరుకు గాలి లేనివాడని అర్థం. అతను పుట్టిన రోజున ఆకు కూడా కదల్లేదట. ఆ లోటంతా పెద్దయ్యాక నోటితో తీర్చేశాడని ఊరివాళ్ళ ఎకసెక్కెం.

కెప్టెన్ పక్కనే దుబాసీ గాస్పర్ ఉన్నాడు. పడమటి దీవుల నుంచి స్పెయిను రాజుగారి కొలువులో చేరి, ఓడెక్కి, ఈ గువాహన్ దీవికి వచ్చి పడ్డ మనిషి. ఇక్కడి భాష పుస్తకాల్లో నేర్చుకోలేదు. ఎవరి అరుగు మీద వక్క దొరికితే అక్కడ కూర్చుని నములుతూ నేర్చుకున్నాడు.

"కూర్చోమను," అంది అఫైసెన్. "నిలబడితే ఆ ఇనపచొక్కాలో ఉడికిపోయేలా ఉన్నాడు. ఆ గడ్డం చూడు నాయనా, కొబ్బరిపీచు అతికించినట్టుంది. రవ్వ పడిందంటే భగ్గుమంటుంది, జాగ్రత్తగా ఉండమను."

గాస్పర్ గొంతు సవరించుకుని కెప్టెన్ వైపు తిరిగాడు. "తమరి రాక మాకు చాలా సంతోషం అంటోంది దొరా."

"అంత పొడుగ్గా చెప్పిందే?"

"వీళ్ళ భాషలో సంతోషం కాస్త పొడుగ్గానే ఉంటుంది."

కెప్టెన్ కూర్చోలేదు. నిలబడే చెప్పుకొచ్చాడు. ఊరూరా ఇలా చెల్లాచెదురుగా బతకడం ఇక కుదరదు. పౌర్ణమిలోగా లితెక్యాన్ ఖాళీ చేసి, స్పెయినువాళ్ళు మకాం వేసిన హగత్నలో, చర్చిగంట వినిపించే చోటికి అందరూ వచ్చి చేరాలి. ఇళ్ళు తగలబెడతారు. పడవలు తగలబెడతారు. ఇళ్ళలో బుట్టల్లో దాచుకుని మాట్లాడుతున్నారే, ఆ పెద్దల పుర్రెలు, వాటినీ తగలబెడతారు.

చివరి మాట దగ్గర గాస్పర్ నోరు తడబడింది. అఫైసెన్ చేతిలో దుంప ఆగింది. ఆమె నెత్తిమీదే, దూలానికి వేలాడే మొగలాకు బుట్టలో, వాళ్ళమ్మ ఉంది. రోజూ పొద్దున్నే ఆ బుట్ట దించి, చేపలు పడ్డాయో లేదో, వాన ఎందుకు ఆలస్యమవుతోందో, తమ్ముడు నిన్న ఎవరితో పోట్లాడాడో చెప్పుకోవడం అఫైసెన్‌కు అలవాటు. బతికున్నప్పుడు అమ్మ సగం కూడా చెప్పనిచ్చేది కాదు. ఇప్పుడు ఓపిగ్గా వింటోంది.

కొండ అవతలి ఊళ్ళను ఇలాగే ఖాళీ చేయించడం ఆమె ఎరుగును. ఆ ఊళ్ళ కుర్రాళ్ళు వడిసెల రాళ్ళతో తుపాకులకు ఎదురెళ్ళారు. ధైర్యానికి తక్కువేమీ లేదు. వాళ్ళ తల్లుల ఏడుపులు కొండ ఇవతలికి వినిపించాయి.

అందుకని ఆమె అరవలేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని అడిగింది: "పడవలు ఇక్కడే కాల్చేస్తే మా ముసలివాళ్ళని, కడుపుతో ఉన్నవాళ్ళని ఆ కొండెక్కించి ఎవరు మోస్తారు? కుండలెవరు మోస్తారు? ఈ నీ సిపాయిలా?"

సిపాయిలు ఇప్పుడే ఆ కొండ దిగారు. ఒకడు చెప్పు విప్పి బొబ్బ చూసుకుంటున్నాడు. గాస్పర్ మోకాళ్ళు కూడా గుంజుతున్నాయి. అతను ఈసారి ఒక్క ముక్క మార్చకుండా చెప్పాడు.

కెప్టెన్ కొండవైపు చూశాడు. కాసేపు గడ్డం లాక్కున్నాడు. "సరే. పడవల్లోనే కదలండి. హగత్న చేరాక అక్కడ కాలుస్తాం. కానీ మాటివ్వాలి."

"పౌర్ణమిలోగా అందరం వెళ్ళిపోతాం," అంది అఫైసెన్. "ఒక్క ప్రాణి మిగలదు. ఒక్క పొయ్యి రాజదు. ఇది మగాహగ మాట, తప్పేది కాదు."

కెప్టెన్‌కు బాగా నచ్చింది. కాపలాకు గాస్పర్‌ను ఊళ్ళోనే ఉంచి, మిగతావాళ్ళను తీసుకుని ఉస్సురుస్సురంటూ కొండెక్కాడు.

ఆ సాయంత్రం తైమాంగ్లో అక్క ఇంటి ముందు చిందులు తొక్కాడు.

"వెళ్ళిపోతామని మాటిచ్చేశావా? నన్నడక్కుండా? వాడి గంట కింద బతకడానికి? నేను రాను. ఈ రాయి పట్టుకు కూర్చుంటా, ఎవడు లేపుతాడో చూస్తా!"

"ముందు మెల్లగా మాట్లాడు. హగత్నకని నేనన్నానా?"

"మరి?"

"వెళ్తామన్నాను. ఎక్కడికని వాడడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పడం మన ఇంటా వంటా లేదు."

అఫైసెన్ గడ్డంతో సముద్రం వైపు చూపించింది. ఆకాశం తేటగా ఉన్నప్పుడు ఉత్తరాన నీళ్ళ మీద బల్లపరుపుగా ఒక నీలిగీత కనిపిస్తుంది. అది లూటా దీవి. వాళ్ళ అమ్మమ్మ పుట్టిల్లు.

"లూటాలో మనకి చుట్టాలున్నారు. వాడి దగ్గర మన పడవలతో పందెం కాసే ఓడ లేదు."

"తాతల రాళ్ళు వదిలేసి పోవడమా అక్కా?" ఈసారి అతని గొంతు చిన్నదైంది. ఇంటిని మోసే రాతిస్తంభం మీద చెయ్యి వేశాడు. మనిషికంటే ఎత్తు, నెత్తిన గిన్నె బోర్లించినట్టు రాతి టోపీ. "ఇవి మనతో రావు కదా."

"రావు. వాటికేం, ఎన్నాళ్ళయినా నిలబడతాయి. గంట కొడితే పరిగెత్తక్కర్లేదు, చర్చివాళ్ళు నీళ్ళు చల్లితే పేరు మారదు. మనం అలా కాదురా. మనకి పిల్లలున్నారు."

తమ్ముడు ఇంకా గొణుగుతుంటే ఆమె అసలు ఆయుధం తీసింది. "ఎక్కువ మాట్లాడావంటే ఊరి ఆడవాళ్ళందరం మొగుళ్ళ టోపీలు పెట్టుకుని, ఈటెలు పట్టుకొచ్చి నీ పెండలం తోట పీకి పారేస్తాం. నీ పెళ్ళాం ముందు నడుస్తుంది."

లోపల్నించి అతని భార్య, "నా టోపీ సిద్ధంగానే ఉంది వదినా!" అని కేకేసింది. తైమాంగ్లో నవ్వాపుకోలేక అక్కడే కూలబడ్డాడు. ఆ నవ్వుతో సంగతి తేలిపోయింది.

మర్నాటి నుంచి ఊరంతా సంబరం. ఏదో పెళ్ళికి తరలుతున్నట్టు ఒకటే హడావుడి. ఆడవాళ్ళు మొగలాకులతో తెరచాపలకు మాసికలు వేశారు. మగవాళ్ళు పడవల సందులకు జిగురూ సున్నం కలిపి పట్టించారు. విత్తనపు దుంపలు, సీమపనస పిలకలు గోనెల్లాగా అల్లిన తడిచాపల్లో చుట్టారు. గాస్పర్ కాపలా అనే మాటే కానీ, రోజంతా అఫైసెన్ అరుగు మీదే. తమలపాకు, సున్నం, వక్క ఆమె ఇచ్చేది, కబుర్లు అతనివి. కొబ్బరిగెల కోసి కల్లు ఎలా గీస్తారో చూపించాడు. తైమాంగ్లో మొదట అతన్ని దుంపల్లో పురుగును చూసినట్టు చూశాడు కానీ, ఆ కల్లు రుచి చూశాక కాస్త మెత్తబడ్డాడు.

ఒక మధ్యాహ్నం గాస్పర్ ఒడ్డున పేర్చిన కొబ్బరిబోండాల గుట్ట చూసి తల గోక్కున్నాడు.

"పెద్దమ్మా, హగత్న పూట దూరమే కదా. ఇన్ని బోండాలెందుకు?"

"మావాళ్ళకి దాహమెక్కువ నాయనా."

"పిలకలు, విత్తనాలు కూడా కడుతున్నారు. హగత్నలో సీమపనస చెట్లు లేవా?"

"ఉన్నాయి. మా చెట్ల రుచి వేరు."

గాస్పర్ చాలాసేపు నమిలాడు. ఎర్రగా ఉమ్మేశాడు. ఉత్తరాన ఉన్న నీలిగీత వైపు ఒకసారి చూసి, చూడనట్టే తల తిప్పుకున్నాడు. "ఔన్లే. ఎవరి చెట్టు రుచి వాళ్ళది. ఇంకో వక్క ఉందా?"

పౌర్ణమికి ముందురోజు ఉదయాన్నే బయలుదేరాలి. పడవలన్నీ నీళ్ళలోకి దించారు. తీరానికీ పగడపు దిబ్బకూ మధ్య నడుం లోతు నీరు అద్దంలా నిలిచి ఉంది. దిబ్బలో ఒక ఇరుకు సందు, దాన్ని దాటితే పెద్దసముద్రం. అప్పుడు ఊడిపడ్డాడు కెప్టెన్, మునుపటికంటే ఎక్కువ సిపాయిలతో.

"పెద్ద పడవ ఒక్కోదానికి ఒక్కో సిపాయి," అని గాస్పర్‌తో చెప్పించాడు. "తుపాకితో. దారి తప్పిపోకుండా తోడు. నేను కొండమీదుగా వచ్చి హగత్నలో కలుస్తాను."

అఫైసెన్ ముఖం కదల్లేదు. తుపాకి వత్తులు వెలిగించుకుని సిపాయిలు పడవలెక్కుతుంటే, పిల్లలు వాళ్ళకు చోటిచ్చి కూర్చున్నారు. తైమాంగ్లో చెయ్యి నడుముకున్న కత్తి మీదకు పోవడం ఆమె చూసింది. వద్దన్నట్టు తల ఊపింది.

ఆమె పడవ దగ్గరకు కెప్టెన్ స్వయంగా వచ్చాడు. ఒళ్ళో బుట్ట చూశాడు.

"అందులో ఏముంది?"

గాస్పర్ అడిగాడు. అబద్ధం ఆమె వల్ల కాదు. మరీ ముఖ్యంగా ఆ బుట్ట వింటుండగా. "మా అమ్మ," అంది.

గాస్పర్ ఆ బుట్టను చూశాడు, ఆమెను చూశాడు. చెమట తుడుచుకున్నాడు. "పెండలం దుంప, దొరా. విత్తనానికట."

"ఒక్క దుంపని ఒళ్ళో పెట్టుకుంటారా?"

"మంచి జాతి దుంప."

కెప్టెన్ భుజాలెగరేసి, గాస్పర్‌నే ఆ పడవలోకి కాపలా ఎక్కించి ఒడ్డుకు నడిచాడు.

అదే పడవలో ఆమె వెనక, చుక్కాని తెడ్డు దగ్గరున్న తైమాంగ్లో పళ్ళు నూరుతూ, గాస్పర్‌కు వినపడకుండా గొణిగాడు. "ఇప్పుడేం చేద్దాం? సందు దాటాక వీళ్ళని పొడవాలా? మనవాళ్ళు కూడా చస్తారు."

అఫైసెన్ నీళ్ళకేసి చూసింది. పిల్లలు ఈదులాడే నీళ్ళు. తానూ తమ్ముడూ చిన్నప్పుడు పొద్దస్తమానం ఆడుకున్న నీళ్ళు.

"చిన్నప్పుడు నన్నెన్నిసార్లు ఇక్కడ ముంచావురా?"

"లెక్కెవరు పెట్టారు? నువ్వు ఏడ్చేదానివి, నేను పడవ బోర్లించేవాణ్ణి, మళ్ళీ…" అతని మాట ఆగిపోయింది. ముఖం మెల్లగా విచ్చుకుంది. "అక్కా!"

"సామాను గట్టిగా కట్టారా?"

"తుపాను వచ్చినా ఊడవు."

పడవలు పగడపు సందు వైపు కదిలాయి. ఆ దీవుల్లో తెడ్డు వేస్తూ పాట కట్టడం, ఒకరి చరణానికి ఒకరు జవాబివ్వడం మామూలే. అఫైసెన్ గొంతెత్తింది. ముసలిగొంతు, అయినా నీటిమీద దూరం పోయే గొంతు.

"చిన్ననాటి ఆట ఒకటి ఆడుకుందామా,
చుట్టాల్ని చల్లగా తానమాడిద్దామా?"

పక్క పడవలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకో పడవలోంచి తైమాంగ్లో భార్య అందుకుంది.

"నిప్పున్న కర్రకి నీళ్ళంటే భయమంట,
మూడోసారి 'ఓ' అంటే ముక్కు మూసుకోవాలంట!"

నవ్వు పడవ నుంచి పడవకు పాకింది. తల్లులు పసివాళ్ళను పైకెత్తి పట్టుకున్నారు. ఒక బొద్దు సిపాయి పాట బాగుందని చప్పట్లు కూడా కొట్టాడు. గాస్పర్ ఒక్కడే కళ్ళు పెద్దవి చేశాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు.

"ఓ!" అంది ఊరు. "ఓ!" అంది మళ్ళీ.

మూడో 'ఓ'కి జనమంతా ఒక్క పక్కకు ఒరిగారు. పడవలన్నీ ఒక్కసారే, ఎండలో చేపలు పొర్లినట్టు బోర్లపడ్డాయి. నీళ్ళు ఎగిసిపడ్డాయి. వత్తులు సుయ్‌మని ఆరిపోయాయి. సిపాయిలు గుటకలు మింగుతూ, దగ్గుతూ, నడుం లోతులో కాళ్ళ మీద లేచి నిలబడేసరికి చేతుల్లో తుపాకులు నీరు కారే కర్రలు. బొద్దు సిపాయికి మాత్రం తన కాళ్ళెక్కడున్నాయో తెలియలేదు. ఇద్దరు ఆడవాళ్ళు జుట్టు పట్టి లేపి, "నేల ఇక్కడుంది, నిలబడు నాయనా" అని నిలబెట్టి పోయారు.

అంతలోకే పడవలు మళ్ళీ సరిగ్గా తేలాయి. ఊరంతా చేతులేసిన పని. నీళ్ళు తోడేస్తూనే ఎక్కేశారు. తైమాంగ్లో ఆనందం పట్టలేక అరుస్తున్నాడు. అఫైసెన్ బుట్టను రెండు చేతులా ఎత్తి, కారే నీళ్ళను చూసి, "తానమైందామ్మా," అంది. తర్వాత నడుం తడుముకుని నాలిక కరుచుకుంది. వక్కసంచి నీళ్ళలో జారిపోయింది.

నీళ్ళలో గాస్పర్ మిగిలిపోయాడు. ఒడ్డున కెప్టెన్ పిస్తోలు పేల్చాడు. గుండు ఎక్కడో చేపల్ని బెదరగొట్టి మునిగింది.

"పెద్దమ్మా!" గాస్పర్ పడవ అంచు పట్టుకున్నాడు. "నన్నిక్కడ వదిలేస్తే ఆయన నా వీపు చీరేస్తాడు."

"నువ్వేం చేశావు?"

"పెండలం దుంపన్నాను కదా!"

అఫైసెన్ తమ్ముడి వంక చూసింది. తైమాంగ్లో ఒక్క క్షణం ఆలోచించాడు. "కల్లు గీసేవాడు," అని, చెయ్యి అందించి పైకి లాగాడు. "ఊరికే కూర్చోడానికి కాదు. ఇదిగో చిప్ప, నీళ్ళు తోడు."

సందు దాటుతుండగా అఫైసెన్ వెనక్కి తిరిగింది. "ఆయనకి చెప్పు. మాట తప్పలేదని చెప్పు. ఇప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు."

గాస్పర్ లేచి నిలబడి చేతులు నోటికడ్డం పెట్టుకుని అరిచాడు. "వెళ్తామంది, వెళ్తోంది! ఎక్కడికని తమరు అడగలేదు!" తర్వాత తిరిగి, "గడ్డం సంగతి కూడా చెప్పనా?" అన్నాడు.

"చెప్పు, చెప్పు."

అది కూడా అరిచాడు. ఒడ్డున తడిసిన సిపాయిల్లో ఒకడు పక్కకు తిరిగి భుజాలు కదిలేలా నవ్వడం, పడవలు గాలి పట్టి కుడికి తిరిగేదాకా వాళ్ళకు కనిపిస్తూనే ఉంది.

తూర్పుగాలి తెరచాపల్ని నింపింది. పడవలు ఒరిగిపోకుండా పక్కన కట్టిన దూలాలు నీటిమీంచి లేచి ఎగురుతున్నాయి. కేరింతలు, పాటలు. కానీ కాసేపటికి వెనక కొండకింద నుంచి పొగ లేచింది, నల్లగా, తాడులా. పాటలు ఆగిపోయాయి. తైమాంగ్లో ముఖం తిప్పుకుని, చుక్కానిని అవసరానికి మించి గట్టిగా పట్టుకున్నాడు. అఫైసెన్ ఆ పొగను కనుమరుగయ్యేదాకా చూసింది. చూడకపోతే ఇల్లు నొచ్చుకుంటుందనిపించింది. తర్వాత మొహం కడుక్కుని, "ఎవరైనా ఒక బోండాం కొట్టండిరా, గొంతు ఎండిపోతోంది," అంది.

పొద్దు వాలేలోగా లూటా తీరం చేరారు. ఒడ్డంతా జనం. ముందు నిలబడింది అక్కడి మగాహగ మస్గ. వరసకు అఫైసెన్‌కు వదినవుతుంది. నోరు మంచిదని కాదు, నోరు పెద్దదని పేరు. కౌగిలింతలు తర్వాత, ముందు పాట. అదీ అక్కడి మర్యాద. మస్గ నడుం మీద చెయ్యేసుకుని మొదలుపెట్టింది.

"అలలెక్కి వచ్చిన మరదలా, నీ వక్కసంచి ఏదే?
మొగుణ్ణి మరిచి వచ్చినా సరే, సంచి మరుస్తారటే!"

లూటావాళ్ళు గొల్లుమన్నారు. అఫైసెన్ జవాబు కట్టింది.

"వక్కల కోసమే వచ్చాను వదినా, నీ తోట చూద్దామని,
నీ పళ్ళ నలుపు చూస్తే తెలిసింది, నువ్వే మేసేశావని!"

ఇటువాళ్ళు ఈలలు వేశారు. పడవలు దిగిన పిల్లలు అప్పటికే కథంతా ఒడ్డున చెప్పేశారు. మస్గ చప్పరించి, దగ్గరకొచ్చి, ఇంకా తడిగా ఉన్న అఫైసెన్ జుట్టు పట్టుకుని పిండుతూ పాడింది.

"సిపాయిల్ని ముంచిన గట్టిదానివి, నిన్నెవరు ముంచారే?
ఆడిన ఆటలో తడవని దాన్ని మేం అక్కా అంటామే!"

అఫైసెన్ జవాబు కోసం వెతుక్కుంది. రాజుగారి కెప్టెన్ ముందు తడబడని మనిషి, ఈ వదినగారి ముందు నవ్వులో మునిగిపోయి రెండు చేతులూ ఎత్తేసింది. తైమాంగ్లో అయితే అక్క ఓడిపోవడం ఇన్నేళ్ళకు చూశానని పొట్ట పట్టుకుని ఇసుకలో పొర్లాడు. మస్గ తన సంచిలోంచి వక్క తీసి, ఆకులో చుట్టి, ఓడినదాని నోట్లో స్వయంగా పెట్టింది. ఆ రాత్రికి ఎవరి పొయ్యి దగ్గర ఎవరు తినాలో కూడా అక్కడే నిలబడి పంచేసింది.

వాళ్ళకిచ్చిన నేల రాళ్ళ నేల. పెండలాలు మొదటి ఏడు వేలెడయ్యాయి, మరుసటి ఏడు మోచెయ్యంత. స్పెయినువాళ్ళు లూటాకు రాలేదని కాదు. ఆలస్యంగా వచ్చారు, కొద్దిమందే వచ్చారు. అప్పటికి పిలకలు చెట్లయ్యాయి, పిల్లలు పాటలు నేర్చారు. వాటిని ఏ గంటా మాన్పించలేకపోయింది. గాస్పర్ కల్లుకు దీవంతా అలవాటు పడింది. అందులో మేలెంతో కీడెంతో ఆడవాళ్ళు ఇప్పటికీ తేల్చలేదు.

రాళ్ళ సంగతి తైమాంగ్లో మరచిపోలేదు. వానలు ఆగాక మగవాళ్ళను పోగేసి, కొండ పక్కన సున్నపురాయి చెక్కడం మొదలుపెట్టాడు. మొదటి స్తంభం తెగాక కొయ్యదుంగల మీద దొర్లించుకొచ్చే రోజున ఊరు ఊరంతా తాళ్ళు పట్టింది. గాస్పర్ ముందు తాడు మీద, బొబ్బలతో. తైమాంగ్లో అరుస్తున్నాడు, ఎవరూ వినడం లేదు. అఫైసెన్ గట్టు మీద కూర్చుని, పక్కన బుట్ట పెట్టుకుని, నోటినిండా వక్కతో అందరికంటే గట్టిగా అరుస్తోంది.

"ఆ వెనక ఉన్నవాళ్ళు లాగుతున్నారా, ఆనుకున్నారా? ఒరేయ్ తమ్ముడూ, నోరు మూసుకుని నువ్వూ ఒక తాడు పట్టు! లాగండమ్మా, లాగండి, ఇంకొంచెం!"

రాయి కదిలింది.